ఐదో రికార్డు ఎవరు కొంటారు?

గ్లాస్గోలో చదువుకునే రోజుల్లో శనివారాలు ఒక చిన్న రికార్డుల కొట్టులో పనిచేశాను. యజమాని బేస్ గిటార్ వాయించేవాడు. పగలు కొట్టు, వారంలో రెండు మూడు రాత్రులు ఎక్కడో ఒకచోట కచేరీ. ఒకరోజు మూసే వేళకు ఒక పెద్దాయన రెండు అట్టపెట్టెల నిండా ఎల్పీలు మోసుకొచ్చి కౌంటర్ మీద పెట్టాడు. అన్నగారు పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్నారట. మా యజమాని తొందరపడలేదు. ఒక్కో రికార్డునీ అట్టలోంచి తీసి, అంచులు తప్ప ఎక్కడా వేళ్లు తగలకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుని, బల్బు కింద ఏటవాలుగా వంచేవాడు. ఎదురుగా చూస్తే నల్లగా నిగనిగలాడే రికార్డు మీద, అలా వంచగానే సన్నటి గీతలు బయటపడేవి. గీత కనబడితే వేలి కొసతో మెల్లగా తడిమేవాడు. వేలికి తగిలిందంటే సూదికీ తగులుతుంది. వేలికి తగలకపోతే చాలాసార్లు వినబడదు. తర్వాత మధ్య రంధ్రం చూసేవాడు. దాని చుట్టూ లేబుల్ మీద వెంట్రుక లాంటి తెల్లటి చారలు ఎంత ఎక్కువ ఉంటే, అది అంత ఎక్కువసార్లు ప్లేయర్ ఎక్కిందని లెక్క. చివరికి, పాట ముగిసే చోటుకీ లేబుల్‌కీ మధ్య ఉండే ఖాళీ జాగాలో చెక్కిన అంకెలు చదివేవాడు. ఏ అచ్చో, ఎవరు కోసిన ప్లేటో చెప్పేది ఆ అంకెలే.

70 పైచిలుకు రికార్డుల్లో 22 పక్కన పెట్టాడు. అందులో ఒకటి నేనెప్పుడూ పేరు వినని గాయనిది. అట్ట వెలిసిపోయింది, బొమ్మ కూడా ఆకట్టుకునేలా లేదు. ఎందుకు తీసుకున్నావని అడిగితే అట్ట తిప్పి, అడుగున చీమల బారులా ఉన్న పేర్లలో ఒకదాని మీద వేలు పెట్టాడు. డ్రమ్స్ వాయించినవాడి పేరు. "ఇది ఇక్కడ ఆగదు" అన్నాడు. ఆగలేదు కూడా.

ఆ రోజు నాకు అది చిన్న సంగతిలాగే కనిపించింది. లెక్కల పుస్తకం రాయడం నా పనయ్యాక అర్థమైంది, ఆ కొట్టు నిలబడింది అట్ట తిప్పి చదివే ఆ అలవాటు మీదేనని. సంగీతకారుడు రికార్డుల కొట్టు నడుపుతున్నాడంటే మనవాళ్లు రెండే రకాలుగా ఊహించుకుంటారు. వాయిస్తే వచ్చే డబ్బు చాలక కొట్టు పెట్టుకున్నాడని, లేకపోతే కొట్టు మీద నాలుగు రాళ్లు వస్తున్నాయి కాబట్టి సరదాకి వాయిస్తున్నాడని. రెండూ కాదు. అతని చెవి కొట్టుకి పెట్టుబడి. కొట్టు అతని చెవికి రోజువారీ సాధన. ఇదెలాగో తెలియాలంటే ముందు డబ్బు ముడి విప్పాలి.

కొత్త రికార్డు సంగతి చూద్దాం. బ్రిటన్‌లో పుస్తకం మీద వ్యాట్ సున్నా. రికార్డు మీద 20 శాతం. 25 పౌండ్ల చీటీ అంటించిన ఎల్పీ అమ్ముడైతే అందులో 4.17 పౌండ్లు సర్కారువి. కొట్టు చేతికొచ్చేది 20.83. దాన్ని పంపిణీదారు దగ్గర పన్ను కాకుండా 15 పౌండ్లకు కొన్నామనుకుందాం. రికార్డు రికార్డుకీ ధర మారుతుంది కానీ లెక్క నడక ఇదే. ఒక్కో రికార్డు మీద 5.83 మిగులుతుంది. అద్దె, కరెంటు, జీతం, కార్డు మిషన్ వాడి కమీషన్, అన్నీ దీంట్లోంచే.

ఇంతవరకు ఏ కిరాణా కొట్టు లెక్కయినా ఇలాగే ఉంటుంది. ముడి పడేది తర్వాత. పుస్తకాల వ్యాపారంలో అమ్ముడుపోని ప్రతులు ప్రచురణకర్తకు వెనక్కి పంపే ఆనవాయితీ ఉంది. చిన్న రికార్డుల కొట్టుకి వచ్చే సరుకు చాలావరకు అలా కాదు. కొన్నావా, ఇక నీదే. అమ్ముడైనా నీదే, దుమ్ము పట్టినా నీదే.

ఇప్పుడు ఒక ఆల్బమ్‌వి ఐదు తెప్పించామనుకోండి. 75 పౌండ్లు పెట్టాం. మూడు అమ్ముడయ్యాయి. చేతికి 62.49 వచ్చింది, ఇంకా పన్నెండున్నర పౌండ్లు లోటే. నాలుగోది పోతే లోటు పూడి, 8.32 లాభం. ఐదోది కూడా పోతే లాభం 29.15. అంటే ఆ ఆల్బమ్ మీద రాగల మొత్తం లాభంలో 70 శాతానికి పైగా ఒక్క ఐదో రికార్డులోనే ఉంది. ఐదులో రెండు మిగిలిపోతే, ఐదింట మూడు అమ్మగలిగిన కొట్టు కూడా నష్టంలో ఉన్నట్టే. బయటి నుంచి చూసేవాడికి మాత్రం "రికార్డులు బాగానే పోతున్నాయే" అనిపిస్తుంది.

అందుకే ఈ వ్యాపారంలో అసలు ప్రశ్న "ఏది అమ్ముడవుతుంది" అన్నది కాదు. "ఎన్ని అమ్ముడవుతాయి" అన్నది. మూడు తెప్పించాలా, ఐదా, ఎనిమిదా? విడుదలకి వారాల ముందు, ఒక్కోసారి నెలల ముందు, ఇంకా ఎవరూ పూర్తిగా వినని రికార్డుకి ఈ అంకె రాసి పంపాలి. ప్రతి వారం వచ్చే జాబితా పేజీలకు పేజీలు ఉంటుంది. మా యజమాని జాబితా ముందు పెట్టుకుని పెన్సిల్‌తో పక్కన అంకె వేసేటప్పుడు, ఆ అంకె వెనక మనుషులు ఉండేవారు. "ఇది ఆ నర్సు కొంటుంది. ఆ ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు కొంటాడు. మొన్న మాతో ఆర్గన్ వాయించిన అబ్బాయికి నచ్చుతుంది. మూడు చాలు." ఐదో రికార్డు కొనేవాడి ముఖం కళ్ల ముందు కనబడితేనే ఐదు రాసేవాడు.

పాత సరుకు లెక్క వేరు. పెద్దాయన తెచ్చిన పెట్టెలోంచి 5 పౌండ్లకు కొన్న ఎల్పీని 15కి అమ్మామనుకోండి. పాత వస్తువుల మీద వ్యాట్ మొత్తం ధర మీద కాకుండా లాభం మీద మాత్రమే కట్టే పద్ధతి అక్కడ ఉంది. 10 పౌండ్ల లాభంలో ఆరో వంతు, అంటే 1.67 పోను 8.33 మిగులుతుంది. ఐదు కొత్తవి తెచ్చి, నాలుగు అమ్మి, ఒకటి దుమ్ముకి వదిలేస్తే మిగిలేది 8.32 అని ఇందాక చూశాం. ఒక్క పాత ఎల్పీ అమ్మితే దానికంటే ఒక పెన్నీ ఎక్కువే. చిన్న కొట్లలో సగం జాగా పాత రికార్డులదే ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది కదా. మన జీఎస్టీలో కూడా పాత సరుకు వ్యాపారికి ఇలా లాభం మీదే పన్ను కట్టే వెసులుబాటు ఉంది. ఆ సంగతి మన దగ్గర పాత రికార్డులు అమ్మేవాళ్లు చాలామందికి ఎవరూ చెప్పలేదు.

కానీ పాత సరుకులో జాబితా ఉండదు, పంపిణీదారు ఉండడు. ఎవరింట్లోంచో వచ్చిన పెట్టె ఉంటుంది, దాని ముందు నువ్వుంటావు. 2000లో మొదలైన డిస్కాగ్స్ వెబ్‌సైటు వచ్చాక ఏ రికార్డు ఎంత పలుకుతోందో ఎవరైనా ఫోన్‌లో చూసుకోవచ్చు. దాంతో యజమాని చెవికి విలువ తగ్గిందనుకుంటారు. నేను చూసిందాన్ని బట్టి పెరిగింది. ధర అందరికీ తెలిసిన రికార్డు మీద బేరం మిగలదు. అమ్మడానికి వచ్చినవాడికీ ఆ ధర తెలుసు, కొనేవాడికీ తెలుసు. మిగిలేదల్లా ఫోన్‌లో ధర పెద్దగా చూపించని రికార్డు మీద. ఆ డ్రమ్స్ వాయించినవాడు ఎవరో, ఆ ఏడాది ఆ ఊళ్లో ఏ స్టూడియోలో ఎలాంటి శబ్దం పట్టేవారో తెలిసినవాడికే అది దొరుకుతుంది. ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నవాడికి ఇది చదువుతో రాదు, ఒంటితో వస్తుంది.

ఈ అల్లిక కొత్తదేం కాదు. జమైకాలో కింగ్‌స్టన్ నగరంలోని ఆరెంజ్ స్ట్రీట్‌లో 1960ల నాటికే పాట చేసేవాడూ పాట అమ్మేవాడూ ఒక్కడే. ప్రిన్స్ బస్టర్ గాయకుడు, నిర్మాత, సౌండ్ సిస్టమ్ యజమాని, రికార్డుల కొట్టు యజమాని. సౌండ్ సిస్టమ్ అంటే వీధుల్లో, ఖాళీ స్థలాల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పేర్చి నడిపే నృత్యశాల. అక్కడ పాట ప్రయాణం తలకిందులుగా సాగేది. ముందు స్టూడియోలో పాట పట్టి, ఒకే ఒక్క అసిటేట్ ప్లేటు కోయించేవారు. దాన్నే డబ్‌ప్లేట్ అంటారు. కొన్నాళ్లు వేస్తే అరిగిపోయే ప్లేటు అది. దాన్ని రాత్రి సౌండ్ సిస్టమ్ మీద వేసి, జనం ఊగితే, మళ్లీ వేయమని కేకలు పెడితే, అప్పుడు అచ్చుకి ఇచ్చేవారు. ఎన్ని అచ్చేయాలన్న ప్రశ్నకి జవాబు ముందు రాత్రే మైదానంలో దొరికేసింది. ఐదో రికార్డు కొనేవాడిని కళ్లారా చూశాకే డబ్బు పెట్టడం! మెలోడికా అనే చిన్న ఊదుడు వాయిద్యంతో ప్రపంచానికి ఒక కొత్త శబ్దం ఇచ్చిన అగస్టస్ పాబ్లో కూడా అదే వీధిలో రాకర్స్ ఇంటర్నేషనల్ పేరుతో కొట్టు నడిపాడు. ఆయన 1999లో పోయాడు. ఆ పేరు ఆ వీధిలో ఆ తర్వాత కూడా మిగిలింది.

అదే ఆలోచన జర్మనీలో ఎలా మొలకెత్తిందో చూడండి. 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ పడింది. మరుసటి నెలలో, పశ్చిమ బెర్లిన్‌లోని క్రాయిట్స్‌బర్గ్‌లో మార్క్ ఎర్నెస్టస్ హార్డ్ వాక్స్ అనే రికార్డుల కొట్టు తెరిచాడు. గోడ అవతలి ఖాళీ భవనాల్లో, నేలమాళిగల్లో నృత్యశాలలు పుడుతున్న రోజులు. ఆ నేలమాళిగలకు కావలసిన సంగీతం, టెక్నో అనే యంత్ర తాళాల నృత్య సంగీతం, అమెరికాలో, డెట్రాయిట్‌లో తయారవుతోంది. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ లాంటి బృందాలు సొంతంగా రికార్డులు అచ్చేసుకుంటున్న కాలం. ఆ రికార్డులు నేరుగా తెప్పించి బెర్లిన్‌లో పంచిన కొట్టు హార్డ్ వాక్స్. ఆ కౌంటర్ దగ్గర నిలబడి విన్నవాళ్లే రాత్రిళ్లు ఆ నేలమాళిగల్లో రికార్డులు వేసేవాళ్లు.

1993లో ఎర్నెస్టస్, మోరిట్స్ ఫాన్ ఓస్వాల్డ్ కలిసి బేసిక్ ఛానెల్ అనే పేరుతో సొంత సంగీతం మొదలుపెట్టారు. 12 అంగుళాల రికార్డులు తొమ్మిది తెచ్చారు. లేబుల్ మీద పేరు కూడా సరిగ్గా చదవలేనట్టు చెదిరిపోయి ఉంటుంది. సంగీతకారుల ఫొటోలు లేవు, ముఖాముఖీలు దాదాపు లేవు. డెట్రాయిట్ తాళం మీద కింగ్‌స్టన్ ప్రతిధ్వని పరిచిన సంగీతం అది. తీగ మీటినట్టు ఒకే ఒక్క స్వరగుచ్ఛం మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ దాని నీడ కొంచెం మారుతుంది. ప్రపంచంలో ఏ సంగీతమైనా అలా రెండు ఊళ్ల కలయికతో పుట్టొచ్చు. కానీ ఈ రెండు ఊళ్ల రికార్డులూ ఒకే గదిలో పక్కపక్క అరల్లో ఉన్న మనిషికి ఆ కలయిక తట్టడం నాకు కాకతాళీయం అనిపించదు.

ఆ తర్వాతి అడుగు ఇంకా ముఖ్యం. 1995లో వాళ్ల చుట్టూనే డబ్‌ప్లేట్స్ అండ్ మాస్టరింగ్ అనే ప్లేటు కోసే స్టూడియో మొదలైంది. పేరులోనే కింగ్‌స్టన్ ఉంది. ప్లేటు కోయడం అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. అల్యూమినియం పళ్లెం మీద మెత్తటి లక్క లాంటి పూత ఉంటుంది. దాన్ని లాక్కర్ అంటారు. కోసే యంత్రం సూది ఆ పూతలో శబ్దాన్ని గాడిగా చెక్కుతుంది. దాని మీద వెండి పూసి, నికెల్ పోత పోసి, దానికి ప్రతి, ప్రతికి మళ్లీ ప్రతి తీసి, చివరికి అచ్చుదిమ్మ తయారుచేస్తారు. గాడి లోతుగా, వెడల్పుగా ఉంటే బాస్ గట్టిగా పలుకుతుంది, కానీ జాగా తినేస్తుంది. ఒక పక్కకి ఎన్ని నిమిషాల సంగీతం పట్టించాలి, ఎంత గట్టిగా పట్టించాలి అన్నది ఒక బేరం. ఆ బేరం వేరే ఊరి ఇంజనీరు చేస్తే ఒకలా ఉంటుంది. రాత్రి నృత్యశాలలో ఆ రికార్డు ఎలా వినిపించాలో తెలిసినవాడు చేస్తే ఇంకోలా ఉంటుంది. కొట్టు, లేబుల్, కోత యంత్రం మూడూ ఒకే చుట్టుపక్కల ఉండటంతో పాట పుట్టిన దగ్గర నుంచి కొనేవాడి చేతికి చేరేదాకా ప్రతి మలుపులోనూ అదే చెవి పనిచేసింది.

ఆ కౌంటర్ వెనక పనిచేసినవాళ్ల పేర్లు చూసినా ఈ సంగతి తెలుస్తుంది. మార్సెల్ డెట్‌మాన్, షెడ్ పేరుతో సంగీతం చేసే రెనే పావ్లోవిట్స్, ఎలక్ట్రిక్ ఇండిగో. ముగ్గురూ తర్వాత సొంతంగా పేరు తెచ్చుకున్నవాళ్లే. కొట్టు జాబితాలో ఒక్కో రికార్డు కింద ఉండే వర్ణన ఒక్క ముక్క, మహా అయితే ఒకటిన్నర ముక్క. పొగడ్త ఉండదు. ఏ జాతి శబ్దమో, దేనికి పనికొస్తుందో చెప్పి ఊరుకుంటారు. రోజంతా విని, ఒక్క ముక్కలో చెప్పాల్సి రావడం సంగీతకారుడికి ఎంత మంచి శిక్షణో, వ్యాసాలు రాసే నాకు బాగా తెలుసు.

ఎర్నెస్టస్ అక్కడితో ఆగలేదు. 2000ల మొదట్లో, న్యూయార్క్ బ్రాంక్స్‌లో లాయిడ్ బార్న్స్ నడిపిన వాకీస్ అనే జమైకన్ లేబుల్ రికార్డుల్ని మళ్లీ అచ్చేశారు. తర్వాత ఎర్నెస్టస్ సెనెగల్ వెళ్లి, మ్బలాక్స్ అనే అక్కడి డోలు సంగీతపు వాద్యకారులతో కలిసి పనిచేశాడు. చిన్న కొట్టు యజమాని ఇంత దూరం ఎలా వెళ్లాడా అనిపిస్తుంది. వెళ్లింది చెవే. అది వింటూ పోయింది, మనిషి దాని వెంట నడిచాడు.

బెర్లిన్ కథ వింటే ఈ పని అందరికీ ఇలాగే కలిసొస్తుందనిపించే ప్రమాదం ఉంది. కలిసిరాదు. ఇందులో మింగేసేది ఒకటుంది. కాలం.

గ్లాస్గోలో మోనోరైల్ మ్యూజిక్ అనే కొట్టు ఉంది. ది పాస్టెల్స్ అనే బ్యాండులో పాడే స్టీఫెన్ మెక్‌రాబీ మరో ఇద్దరితో కలిసి 2002లో తెరిచాడు. కింగ్స్ కోర్టులో, మోనో అనే వీగన్ కెఫే బార్ లోపల ఒక పక్కన ఉంటుంది. ఆ ఏర్పాటులోనే ఒక తెలివి ఉంది. టీ తాగడానికి వచ్చినవాడు రికార్డులు తిరగేస్తాడు, రికార్డులకు వచ్చినవాడు భోజనానికి కూర్చుంటాడు, రాత్రి అక్కడే కచేరీ జరుగుతుంది. ది పాస్టెల్స్ 1981లో మొదలైన బ్యాండు. 1997లో ఒక ఆల్బమ్ తెచ్చారు. ఆ తర్వాత అలాంటి పూర్తి స్థాయి సొంత ఆల్బమ్ వచ్చింది 2013లో. మధ్యలో ఒక సినిమా సంగీతం, జపాన్ ద్వయం టెన్నిస్‌కోట్స్‌తో కలిసి చేసిన ఒక ఆల్బమ్ ఉన్నాయి. అయినా పదహారేళ్లు పదహారేళ్లే.

కొట్టొక్కటే దీనికి కారణమంటే అన్యాయం. మొదటి ఐదేళ్లు అసలు కొట్టే లేదు. కానీ కొట్టులో పనిచేసినవాడిగా మిగతా ఏళ్లు ఎలా గడుస్తాయో నాకు తెలుసు. మంగళవారం సరుకు వస్తుంది, విప్పాలి, లెక్క చూసుకోవాలి, మూల నలిగినవి వేరు చేసి ఫిర్యాదు రాయాలి. శుక్రవారం కొత్త విడుదలలు. శనివారం జనం. బ్యాండు ఊళ్లు తిరిగి పాడేది కూడా శుక్ర శనివారాలే. కొట్టుకి బాగా నడిచే రోజూ వాయించేవాడికి బాగా నడిచే రోజూ ఒకటే కావడం ఈ బతుకులోని అసలు చిక్కు. భాగస్వాములు ఉంటే ఒకరు వెళ్తే ఒకరు కూర్చుంటారు. మా యజమానికి భాగస్వామి లేడు. అతను ఊరు దాటి వాయించడం మెల్లగా మానేశాడు.

ఇంకోవైపు ఆ పదహారేళ్లలో మెక్‌రాబీ డొమినో సంస్థ కింద జియోగ్రాఫిక్ అనే చిన్న లేబుల్ ద్వారా మాహెర్ షలాల్ హష్ బాజ్ లాంటి జపాన్ బృందాల్ని స్కాట్లండ్ చెవికి చేర్చాడు. ఊళ్లో కొత్తగా మొదలైన బ్యాండు మొదటి రికార్డు నిలబెట్టుకోవడానికి అక్కడ ఒక అర ఉంది. ఈ పనికి సొంత ఆల్బమ్‌తో సమానమైన విలువ ఉందని నేను నమ్ముతాను. కాదనేవాళ్లు సంగీతాన్ని ఒక్కడి పంటగా చూస్తున్నారు.

ఊరి బ్యాండ్ల మాట వచ్చింది కాబట్టి అదొక చెప్పుకోవలసిన ముడి. 300 రికార్డులు అచ్చేసుకున్న కుర్రాళ్లు అట్టపెట్టెతో వస్తారు. వాళ్ల దగ్గర సాధారణంగా "అమ్ముడయ్యాకే డబ్బు" పద్ధతిలో తీసుకుంటారు. కొట్టుకి నష్టభయం లేదు. కానీ యజమాని కూడా వాయించేవాడే కావడంతో వచ్చినవాళ్లలో స్నేహితులుంటారు, పోటీదార్లుంటారు, నిన్న రాత్రి ఒకే వేదిక మీద వాయించినవాళ్లుంటారు. బాగాలేదని చెప్పలేడు. చెప్పకుండా ముందు అరలో పెడితే రోజూ వచ్చేవాళ్లు ఒకసారి మోసపోతారు, రెండోసారి అతని మాట నమ్మరు. ఐదో రికార్డు కొనే మనిషి పోయేది అలాగే. మా యజమాని దీనికొక నియమం పెట్టుకున్నాడు. ఊరి బ్యాండు ఎవరిదైనా ఐదు తీసుకుంటాడు, అందరివీ ఒకే అరలో. తాను కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లినవాటి గురించి మాత్రమే నోరు విప్పుతాడు.

సంగీతకారులు నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లో వస్తువులు అమ్మితే వాళ్లు తీసుకునేది 10 శాతమే. కొట్టు అంతకంటే ఎక్కువ తీసుకుంటుంది. అయినా కుర్రాళ్లు కొట్టుకి వస్తారు. ఎందుకంటే బ్యాండ్‌క్యాంప్‌లో కొనేవాడు వాళ్ల పేరు తెలిసి వస్తాడు. కొట్టులో కొనేవాడు వేరే రికార్డు కోసం వచ్చి, స్పీకర్లో మోగుతున్నదేమిటని అడుగుతాడు. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదిలో 1,000 సార్లు వినబడని పాటకి పైసా రాదు. ఆ అంకె కిందే ఉండిపోయే సంగీతం చాలా ఉంది. దానికి ఇంకా ఆ స్పీకరే దిక్కు.

రికార్డులు మళ్లీ బాగా అమ్ముడవుతున్నాయి కదా, కొట్లకి కాలం కలిసొచ్చినట్టేగా అని అడుగుతారు. అమెరికాలో 2022లో 4.1 కోట్ల వినైల్ రికార్డులు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్లు. 1987 తర్వాత రికార్డుల సంఖ్య సీడీల్ని దాటడం అదే మొదలు. నిజమే, పెద్ద అంకెలే. కానీ ఆ అంకెల్లో పెద్ద వాటా పెద్ద గాయనీ గాయకులది, అవి పెద్ద దుకాణాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. చిన్న కొట్టుకి ఈ గిరాకీ వల్ల తగిలింది ఆలస్యం. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయింది. ఇందాక చెప్పిన లాక్కర్ పళ్లేలు ప్రపంచంలో తయారుచేసేవి ముఖ్యంగా రెండే చోట్లు. అది కాలాక జపాన్‌లోది మిగిలింది. ఆ పైన అచ్చు కర్మాగారాల దగ్గర పెద్ద కంపెనీల వరస. 300 రికార్డుల కుర్రాళ్లు నెలల తరబడి ఎదురుచూశారు. 2021 జనవరి నుంచి బ్రిటన్‌కీ యూరప్‌కీ మధ్య కస్టమ్స్ కాగితాలు వచ్చిపడ్డాయి. జర్మనీ నుంచి ఐదు రికార్డులు తెప్పించుకోవడం కూడా ఎగుమతి దిగుమతి వ్యవహారమే.

రికార్డ్ స్టోర్ డే గురించి ఒక్క మాట. 2008 ఏప్రిల్ 19న మొదటిసారి జరిగింది, చిన్న కొట్లను నిలబెట్టడానికి మొదలైంది. ఆ రోజు పొద్దున్నే వీధి చివరిదాకా వరస ఉంటుంది, నేను చూశాను. ఆ రోజు ప్రత్యేకంగా వచ్చే రికార్డులు కూడా వెనక్కి తీసుకోరు. ఒక ఏడాది ఒక పాత హిట్ ఆల్బమ్‌ను రంగు ప్లాస్టిక్‌లో మళ్లీ అచ్చేస్తే, వరసలో నిలబడేవాళ్లు అడుగుతారని మేం 20 తెప్పించాం. నా ఒత్తిడి కూడా ఉంది అందులో. 11 అమ్ముడయ్యాయి. మిగిలిన తొమ్మిదీ నేనున్నన్నాళ్లూ కౌంటర్ కిందే ఉన్నాయి. వాటి పక్కన పెన్సిల్ అంకె వేసేటప్పుడు ఒక్క ముఖం కూడా మా కళ్ల ముందు లేదు.

మన దగ్గర ఇలాంటి కొట్టు ఎందుకు రాలేదని తరచూ ఆలోచిస్తాను. సంగీతకారులకేం తక్కువ లేదు, వినేవాళ్లకీ తక్కువ లేదు. పాత 78 ఆర్పీఎం ప్లేట్లలో కలిపే లక్క ప్రపంచానికి చాలావరకు వెళ్లింది మన దేశపు అడవుల నుంచే. కానీ మన పాట సినిమా పాట. ఏ పాట ఎంత పోతుందో తేల్చేది సినిమా విడుదల. గ్రామఫోన్ కంపెనీ డీలరుకి పోస్టరు చూస్తే చాలు, చెవితో పనిలేదు. సంగీత దర్శకుడికి పాట మీద హక్కు కూడా మిగల్లేదు. 1977లో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే సినిమా పాట హక్కు నిర్మాతదే. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక గానీ రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో వదులుకోవడానికి వీల్లేని వాటా రాలేదు. పాట తనది కానప్పుడు అతను అచ్చేయించేదేముంది, అమ్మేదేముంది?

ఒక్క మినహాయింపు గుర్తొస్తుంది. మా ఊళ్లో క్యాసెట్ల రికార్డింగు సెంటర్. ఖాళీ క్యాసెట్టూ, పాటల చిట్టీ ఇచ్చి వస్తే రెండు రోజుల్లో రికార్డు చేసి ఇచ్చేవారు. చట్టం ప్రకారం అది తప్పే, కాదనను. కానీ చిట్టీలో పదకొండు పాటలు రాసి ఇంకా మూడు నిమిషాలు మిగిలితే, ఆ అన్న తనకు తోచిన పాట ఒకటి చివర్లో నింపేవాడు. రెండోసారి వెళ్లినప్పుడు "ఆ చివరి పాట ఎలా ఉందిరా" అని అడిగేవాడు. సాయంత్రాలు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు ఆ అన్న. ఇది నాకు గ్లాస్గో కౌంటర్ వెనక నిలబడ్డాకే గుర్తొచ్చింది.

ఇప్పుడు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ సినిమాతో సంబంధం లేకుండా సొంత పాటలు చేసుకునే పిల్లలు ఉన్నారు. పాట వాళ్లది, హక్కు వాళ్లది. రికార్డు అచ్చేయించడం ఖర్చుతో కూడిన పనే. క్యాసెట్టయినా, సీడీ అయినా, ఐదు పెట్టుకోవడానికి ఒక అర, ఆ ఐదూ ఎవరికి చేరాలో తెలిసిన ఒక మనిషి ఉంటే వాళ్లకెంత మేలో నాకు తెలుసు.

మా యజమాని బ్యాండు రికార్డు కూడా ఆ ఊరి బ్యాండ్ల అరలోనే, అక్షర క్రమంలో తన చోట ఉండేది. ముందుకి జరిపి పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. నియమం ప్రకారం ఐదే. నేనున్న రెండేళ్లలో నాలుగు అమ్ముడయ్యాయి. వచ్చేసే ముందు శనివారం ఐదోది తీసి కౌంటర్ మీద పెట్టాను. ఊరికే తీసుకెళ్లమంటాడనుకున్నాను. అనలేదు. అట్టలోంచి తీశాడు, రెండు అరచేతుల మధ్య పట్టుకుని బల్బు కింద ఒకసారి వంచి చూశాడు, మళ్లీ అట్టలో పెట్టాడు. పూర్తి ధర తీసుకుని, లెక్కల పుస్తకం నా వైపు జరిపాడు, రాయమని.